మసి కాగితం మీది సంజాయిషీ

పేగు ఆగలేదు.

గాజు గొట్టంలో, గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో వేలాడుతున్న గినీపిగ్ పేగు ముక్క పది సెకన్లకోసారి కరెంటు తగిలినప్పుడల్లా ముడుచుకుంటోంది. దానికి దారంతో కట్టిన సన్నటి పుల్ల, తిరుగుతున్న డ్రమ్ము మీది మసి కాగితాన్ని గీకుతూ తెల్లటి గీతను పైకీ కిందికీ లాగుతోంది. రాజనర్సయ్య సిరంజితో గ్రంథుల రసం నాలుగు చుక్కలు గొట్టంలో వేశాడు. ఆ రసంలో ఉండాల్సింది ఉంటే పేగు మత్తెక్కినట్టు వాలిపోవాలి. గీత నేలకు అంటుకుపోవాలి.

పేగు తన పాటికి తాను ముడుచుకుంటూనే ఉంది. గీత లేస్తూనే ఉంది.

"మూడో వారం" అంది డాక్టర్ కుసుమకుమారి. గొంతు ఇంకా లేవలేదు. లేవబోతోందని గదిలో మిగతా ఇద్దరికీ తెలుసు.

పంజాగుట్ట చౌరస్తా మీద చీరల దుకాణం పైన రెండో అంతస్తు ఆ ల్యాబ్. కిటికీ తీస్తే డబుల్ డెక్కర్ బస్సుల హారన్లు, మూస్తే మసి వాసన. ఆ మూల కిరోసిన్ దీపం మీద మరో డ్రమ్మును తిప్పుతూ కొత్త కాగితానికి మసి పట్టిస్తున్నాడు వజీర్. దీపం చుట్టూ గాలి తగలకుండా రేకు గొట్టం. ఏడేళ్ళుగా అతని పని రెండు ముక్కలు. పొద్దున అమీర్‌పేటలో కోసిన పొట్టేళ్ళ నుంచి గ్రంథులు తీసుకుని, ఐసు ఫ్లాస్కులో వేసి సైకిలు మీద తేవడం. ఆ తరువాత సాయంత్రందాకా కాగితాలకు మసి పట్టించడం.

ఆ గ్రంథులు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉంటాయి. వాటి నడిమి గుజ్జులో, మెదడులో ఊరే మందులాంటిదే ఇంకొకటి ఊరుతుంది. నల్లమందు చేసే పనే అదీ చేస్తుంది. ఏ గసగసాల కాయా లేకుండా ఒళ్ళు తనకు తానే తయారుచేసుకునే నొప్పి మందు. దాని పేరు ఎన్‌కెఫలిన్. దాన్ని పొట్టేలు గ్రంథుల నుంచి తీసి చూపిస్తానని కుసుమకుమారి ల్యాబ్‌కు డబ్బిచ్చే ఢిల్లీవాళ్ళకు మాటిచ్చింది. శుక్రవారం ఢిల్లీవాళ్ళు వస్తున్నారు.

"ఏంటయ్యా ఇది?" గొంతు లేచింది. "పొట్టేలు గ్రంథులా, పెంటకుప్ప మీద ఏరుకొచ్చిన ముక్కలా?"

"తాజా మాలే మేడం. కోసినంక మూడు నిమిషాలు కాకముందే ఐసులేసిన."

"మాల్! విన్నారా రాజనర్సయ్యగారూ, మాలంట." ఆమె వజీర్ ఎదురుగా వచ్చి నిలబడింది. "మూడు నిమిషాల్లో ఐసులో పడితే ఇందులో మందు ఎందుకు లేదు? కుళ్ళితేనే పోతుంది. ఐసు కరిగితేనే కుళ్ళుతుంది. దారిలో ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ మీద చాయ్ తాగితేనే ఐసు కరుగుతుంది. అవునా?"

"అల్లా కసం మేడం, నేను యాడ ఆగలే..."

"ఒట్లు నాకొద్దు. ఇక్కడ ఆ గీత ఒక్కటే సాక్ష్యం. అది నిన్ను దొంగ అంటోంది!"

దొంగ అన్న మాట గదిలో గోడగోడకూ కొట్టుకుంది. వజీర్ చెయ్యి కదల్లేదు, కాళ్ళు కదల్లేదు. రాజనర్సయ్య తల వంచుకుని సిరంజి తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నీ పర్మినెంట్ కాగితం నా బల్ల మీద రెండు నెలల నుంచి ఉంది. సంతకం పెట్టేదాన్నే. ఇప్పుడు దాని పక్కనే ఇంకో కాగితం పెడుతున్నాను." ఆమె టైపు చేసిన మెమో తీసి అతని చొక్కా జేబులో దోపింది. "గురువారం సాయంత్రం అయిదింటికల్లా సంజాయిషీ రాసి ఇవ్వు. లేకపోతే శుక్రవారం ఢిల్లీవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, మా అటెండరు దొంగ అని. రెండో మాట, వాణ్ణి తీసేశాను అని."

ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అప్పుడు తగిలింది వాసన. మసి వాసన కాదు, చర్మం కాలిన వాసన. రాజనర్సయ్య ఉలిక్కిపడి చూశాడు. వజీర్ ఎడమచేతి బొటనవేలు దీపం రేకు గొట్టానికి ఆనుకుని ఉంది.

"వజీర్ భాయ్! చెయ్యి!"

వజీర్ చెయ్యి వెనక్కి లాక్కుని చూసుకున్నాడు. తెల్లగా పొక్కు లేస్తోంది. ఎవరి వేలో చూస్తున్నట్టు చూశాడు. నొప్పి లేదు.

*

నొప్పి గంట తరువాత వచ్చింది. చీరల దుకాణం పక్కన బండి దగ్గర చాయ్ గ్లాసు పట్టుకోబోతే ప్రాణం పోయినంత పనైంది. గ్లాసు జారి రోడ్డు మీద పగిలింది.

"ఒక చాయ్ తాగితేనే గ్లాసు పాయె" అన్నాడు వజీర్ పళ్ళు బిగించి. "చాయ్ మీద చాయ్ తాగుతనట. అడుగు అన్నా మీ మేడంను, గీ గ్లాసు ఏ లెక్కల రాస్తదో."

రాజనర్సయ్య నవ్వలేదు. సిద్దిపేట దిక్కు పల్లెలో వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటినవాడు అతనొక్కడే. నాలుగేళ్ళుగా థీసిస్ రాస్తున్నాడు. ఆ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది కుసుమకుమారే.

"నువ్వు ఒక్క మాట అనకపోతివి" అన్నాడు వజీర్. "పోయిన వారం నువ్వే నా ఎన్క సైకిల్ మీద కూసొని అమీర్‌పేటకెల్లి వచ్చినవు. ఐసు కరిగిందా?"

"కరగలే."

"మరి నోరిప్పితే నీ పీహెచ్‌డీ పోతదా?"

"పోతది" అన్నాడు రాజనర్సయ్య నేలచూపులు చూస్తూ. వజీర్ చెయ్యి పట్టుకుని పొక్కు వంక చూశాడు. "గింత కాలింది. అప్పుడు నీకు ఎందుకు తెల్వలేదో ఎరుకనా?"

"భయానికి. ఇంకెందుకు?"

"భయానికే. గానీ అసలు సంగతి విను. భయం పుట్టంగనే మెదడు మందు వదుల్తది. గుర్దాల మీది గ్రంథులు సుత తమ దగ్గర ఉన్నదంతా నెత్తుట్ల గుమ్మరిస్తయి. పులి కరిచినోడు పరుగెత్తేదాకా నొప్పి తెలియద్దు గదా, అందుకు. మనం ఏడేళ్ళ సంది పొట్టేళ్ళల్ల దేవులాడేది గదే. ఇయ్యాల నీ ఒంట్లనే పారింది."

"గుమ్మరిస్తదా? అంతా?"

"జోరుగ భయమైతే మస్తుగ ఖాళీ అయితది. మళ్ళ నిండాల్నంటే టైం పడ్తది."

వజీర్ బొటనవేలు వైపు చూశాడు. తరువాత అమీర్‌పేట వైపు చూశాడు. ఆటోలు, సైకిళ్ళు, లూనాలు ఆ దిక్కు నుంచి వస్తూనే ఉన్నాయి. చాయ్ బండివాడు రెండో గ్లాసు ఇస్తే తీసుకోవడం మరిచిపోయాడు.

"అన్నా" అన్నాడు మెల్లగా. "పొట్టేలుకు భయమైతే?"

*

మంగళవారం తెల్లవారగానే, అబ్దుల్ దుకాణం వెనక పెరట్లో, వజీర్ మొదటిసారి గ్రంథుల వంక కాకుండా పొట్టేళ్ళ వంక చూశాడు.

అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద అబ్దుల్‌ది పెద్ద మాంసం దుకాణం. హోటళ్ళ ఆర్డర్లు, దావత్‌ల ఆర్డర్లు. పన్నెండు జీవాలను ఒకే తాడుకు వరసగా కట్టేస్తారు. ఈ కొస నుంచి పని మొదలవుతుంది. మొదటిదాన్ని కోస్తుంటే పదకొండు చూస్తుంటాయి. కత్తి నూరేది వాటి ముందే. ఆఖరిదాని వంతు వచ్చేసరికి దాని కాళ్ళ కింద నేలంతా పెంటికలు. దాని డొక్కలు కొలిమి తిత్తుల్లా కొట్టుకుంటున్నాయి. అరవడం లేదు. అరిచే దశ దాటిపోయింది.

మూడు వారాలుగా వజీర్ గడియారం పట్టుకుని ఈ పెరట్లోనే నిలబడ్డాడు. "జల్దీ, జల్దీ" అని అరిచింది కూడా తనే.

"అబ్దుల్ భాయ్, ఒక్క అడ్డం పరదా కట్టరాదు? ఒకటి ఒకటి చూడకుంట."

అబ్దుల్ కత్తి ఆపి, పనివాళ్ళ వైపు తిరిగి పగలబడి నవ్వాడు. "విన్నర్రా? గొర్రెకు పరదా అంట! నా బేగంకే కట్టలే నేను. పో మియా, నీ టోపీలు తీస్కొని పో. పొద్దు పొద్దుగాల దిమాక్ తినకు."

అక్కడి నుంచి సైకిలు తిప్పి మార్కెట్ వెనక సందులోకి పోయాడు వజీర్. ఆ సందులోకి పోయి మూడు వారాలైంది. మొహియుద్దీన్ చాచా తన మాంసం దుకాణం ముందు నీళ్ళు చల్లుకుంటున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. గడ్డానికి మైదాకు రంగు. వజీర్‌ను చూసి చెంబు పక్కన పెట్టి, వెనక ఎవరన్నా వస్తున్నారా అన్నట్టు తొంగిచూశాడు.

"సలాం చాచా."

చాచా సలాం తిరిగి చెప్పలేదు. "ఎవరూ? మూడు నిమిషాల నవాబ్ సాబా? ఎట్ల ఆగినవు గీడ? ఘడీ ఖరాబయిందా?"

"చాచా, జర వినుండ్రి..."

"ఏడేండ్లు విన్న. నువ్వు ఒక్క దినం వినలే. 'చాచా, నీకాడ ఆలస్యం అయితుంది, మేడం దుకాణం మార్చుమన్నది' అని మొఖం మీద చెప్పి పోయినవు. పానీ తాపకుండ నేను ఛురీ ఎత్తనని నీకు ఎరుక లేదా? ఒక జీవం ముంగట ఇంకో జీవాన్ని కొయ్యనని ఎరుక లేదా? ఛురీ నూరేది సుత దానికి కనపడొద్దు. మా అబ్బా చెప్పిండు, వాళ్ళ అబ్బా చెప్పిండు. మీ మేడంకాడ ఘడీ ఉన్నది. నాకాడ కాయ్‌దా ఉన్నది. రెంటికి దోస్తీ కుదరది. పో."

"నన్ను దొంగ అన్నది చాచా."

చాచా చెంబు ఎత్తాడు, దించాడు. "ఎవరు?"

"మేడం. నీకాడికెల్లి తెచ్చినన్ని దినాలు మందు దొరికింది. అబ్దుల్ మాల్ల దొరకతలేదు. నేను దారిల కుళ్ళబెట్టిన అంటుంది. గురువారం దాకా టైం ఇచ్చింది."

"దొంగవా నువ్వు?"

"కాదు."

"మరి గీ మాట ఆమెకు చెప్పు. నాకెందుకు చెప్తున్నవు?"

"చెప్తే వినది. ఆడ గీత ఒక్కటే సాక్ష్యమంట. నీ మాల్ తోనే గీత గియ్యాలె."

ముసలాయన వాకిట్లో చల్లిన నీళ్ళు ఇంకిపోయేదాకా నిలబడ్డాడు. చివరికి అన్నాడు: "రేపు ఆరింటికి రా. ఘడీ జేబుల పెట్టుకొని రా. ఒక్కసారి జల్దీ అన్నవంటే బకెట్ నీళ్ళు నీ నెత్తి మీద పోస్త."

*

బుధవారం పొద్దున వజీర్ రెండు ఫ్లాస్కులతో బయల్దేరాడు. ముందు అబ్దుల్ దగ్గర. తాడు, వరస, కత్తి నూరే చప్పుడు, పన్నెండు జీవాలు. మూడు నిమిషాల్లో గ్రంథులు ఐసులో పడ్డాయి. ఆ ఫ్లాస్కు మెడకు నల్లదారం కట్టాడు.

తరువాత చాచా దగ్గర. అక్కడ గోడవతల కొట్టంలో పొట్టేళ్ళు మేత నములుతున్నాయి. చాచా ఒక్కదాన్నే బయటికి తెచ్చాడు. ముంతతో నీళ్ళు పెట్టాడు. అది మూతి పెట్టి తాగి, తల ఎత్తి, మళ్ళీ తాగింది. చాచా కత్తి కుర్తా మడతలో ఉంది. దాని మెడ నిమురుతూ ఏదో గొణుగుతున్నాడు. వజీర్ చేతులు దురద పెడుతున్నాయి. జేబులో గడియారం టిక్కుటిక్కుమంటోంది. 'జల్దీ' అన్న మాట నాలుక కొసకు వచ్చింది, మింగాడు.

కత్తి మెరిసింది ఒక్కసారే. పొట్టేలుకు తెలిసేలోపు అయిపోయింది.

ఆ ఒక్కదాని గ్రంథులు తీసి ఐసులో వెయ్యడానికి ముసలి చేతులకు అయిదు నిమిషాలు పట్టింది. నేలంతా కడిగాక గానీ రెండోదాన్ని తేలేదు. నాలుగు జీవాలకు గంటంబావు అయింది. ఈ ఫ్లాస్కుకు ఎర్రదారం కట్టాడు వజీర్.

ల్యాబ్ మెట్లు ఎక్కేసరికి కుసుమకుమారి గుమ్మంలోనే ఉంది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. ఫ్లాస్కు మూత తీసేటప్పుడు ఆమె ఎప్పుడూ అంతే. కోసే చోటు గురించి ఒక్క మాట కూడా ల్యాబ్‌లో మాట్లాడకూడదని ఏడేళ్ళ కిందటే చెప్పింది.

"గంట ఆలస్యం! మెమో ఇచ్చాక కూడా సిగ్గు రాలేదా? ఇవేంటి, రెండు?"

"రెండు దుకాణాలు మేడం. రెండూ వేర్వేరుగ చూడుండ్రి."

"ఏది ఎక్కడిది?"

"రేపు చెప్త. ఇప్పుడే చెప్తే నేనేదో జేసిన అంటరు. మీకు దారం రంగే తెల్వాలె, దుకాణం తెల్వద్దు."

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "నువ్వు నాకు ప్రయోగం చెయ్యడం నేర్పుతున్నావా?"

వజీర్ బొటనవేలికి కట్టిన గుడ్డపీలిక వంక చూసుకుంటూ నిలబడ్డాడు. అంతలో ఎవరూ అనుకోనిది జరిగింది. రాజనర్సయ్య దగ్గాడు.

"మేడం" అన్నాడు. "మంచి పద్ధతే మేడం. రెండూ ఒక్కతీరుగ రుబ్బుత, ఒక్కతీరుగ ఆసిడ్ పోస్త. పేగును ఆపే అడ్రినలిన్ సుత రెంటిలకెల్లి తీసేస్త."

కుసుమకుమారి అతని వంక చూసిన చూపులో నాలుగేళ్ళ థీసిస్ చిరిగి ముక్కలైంది. "మీరూనా?" అంది. "సరే. చెయ్యండి. రేపు ఇద్దరికీ కలిపే చెబుతాను సమాధానం."

*

గురువారం నాలుగు గంటలకు గొట్టంలో కొత్త పేగు వేలాడింది. డ్రమ్ముకు వజీర్ పట్టించిన మసి కాగితం నల్లగా, మచ్చ లేకుండా మెరుస్తోంది. పుల్ల దాన్ని తాకింది. గీత లేచింది, పడింది, లేచింది.

"నలుపు" అంది కుసుమకుమారి.

నల్లదారం రసం నాలుగు చుక్కలు. గీత లేచింది, పడింది, లేచింది. ఏం మారలేదు. ఆమె గోడ గడియారం చూసి, వజీర్‌ను చూసింది. "అయిదింటికి ఇంకా నలభై నిమిషాలు" అంది. "సంజాయిషీ రాశావా?"

"ఇంకా ఎర్రది ఉన్నది మేడం."

పేగును కడిగారు. కుదుటపడనిచ్చారు. ఎర్రదారం రసం నాలుగు చుక్కలు.

గీత లేచింది. మళ్ళీ లేచింది, సగమే. మూడోసారి పావు వంతు. నాలుగోసారి కరెంటు కొట్టింది, పేగు కదల్లేదు. తెల్లటి గీత కాగితం అడుగున తిన్నగా, సూటిగా, నిద్రపోయినట్టు సాగింది.

కింద చౌరస్తాలో హారన్లు మోగుతూనే ఉన్నాయి.

"ఏ విషమైనా పేగును ఆపుతుంది" అంది కుసుమకుమారి. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు. "విరుగుడు వెయ్యండి."

నల్లమందు ప్రభావాన్ని విరిచే మందు నలోక్సోన్. ఫ్రిజ్‌లో ఒకే ఒక్క సీసా ఉంది. పేగును ఆపింది వేరే ఏదన్నా అయితే దీనికి లొంగదు. నల్లమందు జాతిదే అయితే ఒక్క చుక్కకు వదిలేస్తుంది. రాజనర్సయ్య ఒక్క చుక్క వేశాడు.

గీత కదిలింది. పావు. సగం. నిండుగా. పేగు నిద్ర లేచి మళ్ళీ తన పనిలో పడింది.

ఆమె ఒప్పుకోలేదు. మళ్ళీ చేయించింది. అదే గీత. మూడోసారి సిరంజి తనే తీసుకుని, తన చేత్తో చుక్కలు వేసింది. అదే గీత. డ్రమ్ము ఆపి, కాగితం మీదికి వంగి, ముక్కు మసికి తాకేంత దగ్గరగా చూసింది.

"ఎర్రదారం ఏ దుకాణం?"

"మొహియుద్దీన్ చాచాది. ఆలస్యం చేస్తడని మీరు బంద్ చేయించిన దుకాణం."

"అసాధ్యం. అతను గ్రంథి తియ్యడానికి ఎంతసేపు తీసుకున్నాడు?"

"అయిదు నిమిషాలు. అబ్దుల్ మూడే."

"మరి ఎక్కువ కుళ్ళాలి కదా!"

"కుళ్ళేది కాదు మేడం, ఖాళీ అయ్యేది." వజీర్ బొటనవేలి గుడ్డ విప్పాడు. పొక్కు పగిలి ఎర్రగా ఉంది. "సోమవారం మీరు నన్ను దొంగ అంటుంటే ఇది దీపానికి కాలింది. నాకు తెల్వలే. నా ఒంట్లున్న మందంతా అప్పుడే అయిపోయింది. అబ్దుల్ కాడ పన్నెండు జీవాలు ఒకదాని చావు ఒకటి చూస్కుంట నిలబడ్తయి. కత్తి తాకకముందే వాటి గ్రంథులు నెత్తుట్ల గుమ్మరిస్తయి. మూడు నిమిషాలల్ల నేను ఐసులేసింది ఉత్త తోలు తిత్తులు. చాచా నీళ్ళు పెడ్తడు, కత్తి చూపడు, ఒకదాని ముంగట ఒకటి కొయ్యడు. వాటికి భయం తెల్వది. ఉన్న మందు ఉన్నట్టే ఉంటది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఆ చోటు మాటలు ల్యాబ్ల వద్దన్నరు."

గోడ గడియారం అయిదు కొట్టింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి చాచింది. "సంజాయిషీ?"

వజీర్ మసి కాగితాన్ని డ్రమ్ము మీది నుంచి జాగ్రత్తగా విప్పాడు. రెండు అంచులూ పట్టుకుని లక్క ద్రావణంలో ముంచి తీశాడు. ఇక చెయ్యి తగిలినా ఆ గీత చెరగదు. కారుతున్న కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు.

"రాసింది మేడం" అన్నాడు.

ఆమె తన గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో మూడు కాగితాలున్నాయి. ఒకటి సోమవారం ఇచ్చిన మెమో నకలు. దాన్ని నిలువునా చింపింది. రెండోది దుకాణం మార్చమని మూడు వారాల కిందట తను టైపు చేయించిన ఆర్డరు. దాన్ని చింపలేదు, మసి కాగితం పక్కన పెట్టింది. మూడోదాని మీద సంతకం చేసి వజీర్ వైపు జరిపింది. తప్పయిందనలేదు. ఆమె మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది, ఎవరి మీద పెట్టాలో తెలియక తిరుగుతోంది.

"రేపు ఢిల్లీవాళ్ళు అడుగుతారు, జంతువును ఎలా ఉంచారని. చూడకుండా నేను చెప్పలేను." కొంగు ముక్కు దాకా వెళ్ళి ఆగిపోయింది. "పొద్దున నేనూ వస్తాను. ఆ మొహియుద్దీన్‌కి గట్టిగా చెప్పు, నేనొచ్చేసరికి అంతా సిద్ధంగా..."

"మేడం."

ఏడేళ్ళలో వజీర్ ఆమె మాటకు అడ్డు రావడం అదే మొదలు.

"రండి మేడం. గానీ ఆడ గట్టిగ చెప్పేది ఉండది. గొంతు లేపొద్దు. మీరొక్కసారి అరిస్తే గోడవతల ఉన్న నాలుగు సుత ఖాళీ అయితయి."

రాజనర్సయ్య చేతిలో గాజు పుల్ల గొట్టానికి తగిలి ఖణీమంది. కుసుమకుమారి నోరు తెరిచింది. మెడ నరం ఉబ్బింది. వజీర్ కదల్లేదు. బొటనవేలు సలుపుతోంది, ఈసారి బాగా తెలుస్తోంది. అయినా ఆమె మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచినప్పుడు వచ్చిన గొంతు ఎంత చిన్నదంటే, పక్క బల్ల దగ్గరున్న రాజనర్సయ్య వినడానికి చెవి ఇటు తిప్పాల్సి వచ్చింది.

"ఎన్నింటికి రమ్మంటావు?"